గడ్డాలనాటి బిడ్డలు

*తాత ఏలిన జమీలో మనవడికి మెతుకు హక్కు ఉందా? పిఠాపురం కోటలో మొదలై లండన్‌లో తేలిన ఒక కుటుంబ వ్యాజ్యం. యథార్థ గాథ.*

1918. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆఖరి ఏడాది. లండన్ డౌనింగ్ స్ట్రీట్‌లో మన దేశపు కేసులకి అప్పటి ఆఖరి అప్పీలు కోర్టైన ప్రివీ కౌన్సిల్ న్యాయమూర్తులు కూర్చునే గది. వాళ్ల ముందున్న వ్యాజ్యం పేరు ఇంగ్లిషువాళ్ల నోట ‘పిట్టాపూర్’. పాదగయ కోనేటి మెట్లు, కుక్కుటేశ్వరుడి గుడి గంట, కోట ముందు సాయంత్రం లేచే దుమ్ము, ఆ పేరు వెనకున్న ఇవేవీ సముద్రాలు దాటి అంత దూరం వెళ్లవు. వెళ్లింది ఒక్క ప్రశ్న.

తాత ఏలిన జమీ నుంచి మనవడికి మనోవర్తి, అంటే పోషణకిచ్చే భృతి, వస్తుందా, రాదా?

అడిగినవాడు రామారావు. ఎవరి మీద దావా వేశాడో ఆయన పిఠాపురం రాజావారు, వరసకి సొంత బాబాయి. అంతకు దాదాపు ఇరవై ఏళ్ల కిందట ఆ మనవడి తండ్రి కూడా ఇదే కోట మీద వ్యాజ్యం వేసి, ఇదే లండన్ దాకా నడిపి, ఓడిపోయాడు.

మన గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్లు తరచూ అనే సామెత ఒకటుంది. ‘అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా?’ చేతికందిన కొడుకు మాట విననప్పుడు తండ్రి నిట్టూరుస్తూ అనే మాట అది. ఈ కథలో ఆ సామెత తిరగబడుతుంది. గడ్డాలొచ్చిన బిడ్డే తండ్రి గుమ్మంలో నిలబడి, ‘నేనింకా మీ బిడ్డనేనా?’ అని అడుగుతాడు. దానికి జవాబు వెతకడానికి చట్టానికి ఎన్నో ఏళ్లు పట్టింది. నా దృష్టిలో ఇప్పటికీ పూర్తిగా దొరకలేదు.

ఇందులో మనుషులు, తేదీలు, తీర్పులు నిజం. కోట గుమ్మం దగ్గర, దివాణంలో జరిగినట్టు చెప్పే సన్నివేశాలు మాత్రం ఆ నిజాల చుట్టూ అల్లుకున్న ఊహ.

వెంకటగిరి నుంచి వచ్చిన పిల్లవాడు

డెల్టాకి ఉత్తరపు అంచున, కాకినాడకి దగ్గర్లో ఉంటుంది పిఠాపురం. పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో దాన్ని ఏలినవారు రాజా రావు గంగాధర రామారావు. సిరి ఉంది, పేరుంది, పండితుల కొలువుంది. వంశం నిలబెట్టే కొడుకు లేడు. 1870ల్లో ఆయన నెల్లూరు సీమలోని వెంకటగిరి రాజకుటుంబం నుంచి ఒక పిల్లవాణ్ని దత్తు తీసుకున్నారు. అతనే రామకృష్ణారావు. అతని తోడబుట్టినవాళ్లలో ఒకరు బొబ్బిలికి, ఇంకొకరు జటప్రోలుకి కూడా దత్తు వెళ్లారు. వెలమ సంస్థానాల మధ్య కోటలకి వారసులు అలా అందేవారు.

ఆ పిల్లవాడు పిఠాపురం కోట గుమ్మం దాటిన రోజును ఒక్కసారి కళ్లముందు పెట్టుకోండి. హోమగుండం రాజుకుంటోంది. కన్నతండ్రి బిడ్డ చెయ్యి పట్టుకుని ఇచ్చాడు. పెంచే తండ్రి తీసుకున్నాడు. హిందూ ధర్మంలో దత్తతకి ప్రాణం ఆ ఇవ్వడం, పుచ్చుకోవడమే. ఆ క్షణంతో పిల్లవాడి గోత్రం మారింది, ఇంటిపేరు మారింది. పుట్టింట్లో వాటా అడిగే హక్కు అక్కడితో సరి. ముత్తైదువలు హారతి పట్టి ఉంటారు. దివాణం ఉద్యోగులు వంగి వంగి దండాలు పెట్టి ఉంటారు. ‘ఇక ఈ కోట నీదే నాయనా’ అని ఎవరో ఒక ముసలి దాసి చెవిలో చెప్పే ఉంటుంది. ఆ వయసు పిల్లవాడు అంతకంటే ఏం అర్థం చేసుకుంటాడు?

ఏళ్లు గడిచాయి. పిల్లవాడు పెద్దవాడవుతున్నాడు. 1885 అక్టోబర్ 5న కోటలో ఇంకో బిడ్డ ఏడుపు వినిపించింది. రాజావారికి కొడుకు పుట్టాడు. పేరు వేంకట కుమార మహీపతి సూర్యారావు.

మామూలు ఇంట్లో అది పండగ. ఒక్కడే కొడుకనుకున్న చోట ఇద్దరయ్యారు, అంతే. పిఠాపురం మామూలు ఇల్లు కాదు.

పంచుకోలేని ఆస్తి

ఇక్కడ ఒక్క నిమిషం చట్టం దగ్గర ఆగాలి. కథ ముడి అంతా అక్కడే పడింది.

అమలాపురం పక్కన పది ఎకరాల కొబ్బరితోట పిత్రార్జితంగా ఉన్న రైతును తీసుకోండి. మితాక్షర ధర్మం ప్రకారం అతనికి కొడుకు పుట్టిన క్షణమే ఆ బిడ్డకి తోటలో హక్కు పుడుతుంది. తండ్రి దయతో ఇచ్చేది కాదది, పుట్టుకతో వచ్చేది. దత్తపుత్రుడికీ అంతే. తరవాత సొంత బిడ్డ పుడితే దత్తపుత్రుడి భాగం ఆనాటి ధర్మంలో తగ్గేది కానీ, అసలు లేకుండా పోయేది కాదు.

మన ధర్మశాస్త్రాలు తండ్రి నెత్తిన పెట్టిన బాధ్యతల జాబితాను ఇక్కడే గమనించాలి. ఆస్తి ఉన్నా లేకున్నా మనిషి తప్పకుండా పోషించాల్సిన వాళ్లు మూడు రకాలు: ముసలి తల్లిదండ్రులు, భార్య, పసిబిడ్డ. ఎదిగిన కొడుకు ఆ జాబితాలో లేడు. అవసరం లేదనుకున్నారు. ఎదిగిన కొడుక్కి కూడు పెట్టడం ఎందుకు, వాటాయే ఉంది కదా? పసివాడికి అన్నం, పెద్దవాడికి భాగం. మన పాత ధర్మం కట్టిన లెక్క ఇది.

జమీందారీల్లో ఆ లెక్క చెదిరింది. పిఠాపురం వంటి పెద్ద జమీలు భాగాలకి లొంగేవి కావు. జమీ మొత్తం ఒక్కరికే దక్కేది. మిగిలిన బిడ్డలకి కోటలో మనోవర్తి ఉండేది, జమీలో వాటా ఉండేది కాదు. జమీ ముక్కలైతే సర్కారుకి పేష్కషు కట్టేదెవరు, వంశం పేరు నిలిపేదెవరు అన్నది దాని వెనకున్న ఆలోచన. పెద్దవాడి భాగం అన్న మాటే లేని ఇంట్లో, ఎదిగిన బిడ్డకి మిగిలేది ఏమిటి? తండ్రి ఇష్టం.

1888లో ప్రివీ కౌన్సిల్ ఉత్తరాదికి చెందిన సర్తాజ్ కువారి కేసులో ఆ ఇష్టాన్ని ఇంకా బలపరిచింది. భాగాలు కాని జమీని ఏలేవాడు, అడ్డొచ్చే ఆచారమేదీ రుజువు కానప్పుడు, దాన్ని తన ఇష్టం వచ్చినవాళ్లకి ఇచ్చుకోవచ్చు, కొడుకు అడ్డుపడలేడు అని. అలహాబాద్ వైపు నుంచి వచ్చిన ఆ తీర్పు ఏదో ఒకరోజు గోదావరి ఒడ్డుకి చేరక తప్పలేదు.

వీలునామా

1890లో గంగాధర రామారావు గారు కన్నుమూశారు. సూర్యారావుకి అప్పటికి ఇంకా ఐదేళ్లు నిండలేదు.

కోటలో ఆ రోజులు ఎలా ఉండి ఉంటాయో ఊహించవచ్చు. ఒక మూల ఏం జరుగుతోందో తెలియని పసివాడు. ఇంకో మూల తండ్రికి కర్మ చేయాల్సిన వయసొచ్చిన దత్తపుత్రుడు. వాళ్లిద్దరి మధ్య ఒక కాగితం. అది రాజావారి వీలునామా. జమీ సూర్యారావుకి.

ఆ మాట విన్న మనిషి మనసులో ఏం కదిలి ఉంటుంది? కన్నవాళ్లు ఇచ్చేశారు. పెంచినవాళ్లు వద్దన్నారు. వెంకటగిరికి వెనక్కి వెళ్లి వాటా అడగడానికి దత్తత అడ్డు. పిఠాపురంలో నిలబడదామంటే వీలునామా అడ్డు. అడ్డాలనాడు రెండు కోటల బిడ్డ, గడ్డాలనాటికి ఏ కోటకీ కాకుండా పోయాడు.

రామకృష్ణారావు కోర్టుకెక్కాడు. మైనరు రాజావారి తరఫున, మైనరు జమీందార్ల ఆస్తులు చూసే సర్కారు సంస్థ కోర్ట్ ఆఫ్ వార్డ్స్ నిలబడింది. వాదనలు ఒక్క ఆస్తి దగ్గర ఆగలేదు. ఆ పసివాడు అసలు రాజావారి ఔరసుడే, కన్నకొడుకే కాడన్న మాట కూడా కోర్టులో లేచింది. ఒక కుటుంబం వీధికెక్కితే మాటలు ఎంత దూరం వెళ్తాయో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. చదివితే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. అంత చిన్న బిడ్డ పుట్టుకను వకీళ్లు తిరగేసి చూపిస్తున్నారు. అవతల, హోమం సాక్షిగా కొడుకని పిలిచినవాణ్ని, నీకు హక్కేమిటని నిలదీస్తున్నారు. ఇద్దరూ ఒక్క తండ్రి బిడ్డలే.

1899లో ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. సర్తాజ్ కువారి దారిలోనే నడిచింది. జమీ ఏలేవాడు తన జీవితకాలంలో ఇచ్చుకోగలిగినప్పుడు, వీలునామాతోనూ ఇచ్చుకోగలడు. వీలునామా చెల్లుతుంది. అది చెల్లినప్పుడు ఆ బిడ్డ ఔరసుడా కాదా అని తేల్చాల్సిన పనే లేదు. ఎవరికిచ్చినా చెల్లుతుంది మరి.

తీర్పు చట్టప్రకారం స్పష్టంగానే ఉంది. అయితే దాని అర్థం ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. తండ్రి చేతిలో కాగితం ఉంటే, ఎదిగిన కొడుకు కొడుకే అయినా ఒకటే, కాకపోయినా ఒకటే.

ఈ రెండు తీర్పులు దక్షిణాది సంస్థానాలను కలవరపెట్టాయి. ఒక్క జమీందారు ఒక్క రాత్రి మనసు మార్చుకుంటే తరాల వంశం రోడ్డున పడుతుందన్న భయం పట్టుకుంది. మద్రాసు శాసనమండలి 1904లో అవిభాజ్య ఎస్టేట్ల చట్టం చేసింది. జమీ ఏలేవాడు తన జీవితకాలం దాటి జమీని బదిలీ చేయడానికి, ఉమ్మడి కుటుంబంలో కర్తకున్న హద్దులే అతనికీ పెట్టింది. పిఠాపురం దత్తపుత్రుడు ఓడిపోయాడు గానీ, ఆయన దెబ్బ తిన్న చోట తరవాతి వాళ్లకి ఒక కంచె లేచింది.

బాబాయి మీద అబ్బాయి

మేనేజర్ల పాలనలో జమీ నడుస్తుండగా సూర్యారావు మద్రాసు న్యూయింగ్టన్‌లో, జమీందారీ మైనర్ల కోసం నడిపే విద్యాలయంలో పెరిగాడు. 1875 మెజారిటీ చట్టం మామూలు పిల్లలకి పద్దెనిమిదేళ్లకే పెద్దరికం ఇచ్చింది. కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతిలో ఉన్న పిల్లలకి మాత్రం ఇరవై ఒకటి నిండాలంది. ఆ లెక్కన ఆయన 1906 అక్టోబర్‌లో పెద్దవాడయ్యాడు. మన ఇళ్లలో పద్దెనిమిదో ఏడు దగ్గర ఇంత పెద్ద గీత గీసింది ఆ చట్టమే. నూట యాభై ఏళ్లు దాటినా ఆ గీత అక్కడే ఉంది.

ఇటు దత్తపుత్రుడి ఇంట్లో రామారావు ఎదిగాడు. తండ్రి జమీ అడిగి ఓడాడు. కొడుకు జమీ అడగలేదు. మనోవర్తి అడిగాడు. గంగాధర రామారావు గారి మనవణ్ని, ఈ వంశంలోవాణ్ని, ఈ జమీ ఆదాయంలోంచి నా పోషణకి ఇంత ఇప్పించండి అన్నాడు.

వినడానికి ఎంత చిన్న కోరిక! ఈ దావా కూడా సముద్రం దాటింది. స్కాట్లండ్‌లో అత్యున్నత న్యాయమూర్తిగా పనిచేసి వచ్చిన లార్డ్ డునెడిన్ 1918లో తీర్పు చెప్పారు. ఆయన వాదం మెట్టు మెట్టుగా సాగుతుంది. మనోవర్తి అడిగే హక్కు ఎక్కడి నుంచి వస్తుంది? ఉమ్మడి ఆస్తిలో భాగస్వామి కావడం నుంచి. భాగాలు కాని జమీలో భాగస్వాములే లేరు. కాబట్టి వేరు లేని చెట్టుకి కాయ లేదు. జమీ భాగాలు కాకపోవడం ఎలా ఆచారం వల్ల వచ్చిందో, అందులో ఎవరికైనా మనోవర్తి రావాలన్నా ఆచారమే దిక్కు. కొడుకుల సంగతి వేరు. జమీందారు కొడుకులకి మనోవర్తి ఇవ్వడం కోర్టులు ఎన్నోసార్లు గుర్తించిన ఆచారం, దాన్ని మళ్లీ రుజువు చేయక్కర్లేదు. మనవడి మాటకొస్తే, ఈ సంస్థానంలో అలాంటి ప్రత్యేక ఆచారం ఉందని అతను రుజువు చేయలేదు.

మనవడు ఓడిపోయాడు.

కొడుక్కి ఉంది, మనవడికి లేదు. ఒక్క తరం తేడా. మన ఇళ్లల్లో తాత ఒళ్లో మనవడే ముందు కూర్చుంటాడు. కొడుకు మీద కోపమొచ్చినా మనవడికి చాటుగా రూపాయి పెట్టే తాతలు మనకి ఇంటికొకరు. ఆ ప్రేమని కోర్టు కొలవలేదు. కొలవడానికి దాని చేతిలో సాధనం లేదు.

గెలిచిన చెయ్యి

ఈ కథలో సూర్యారావు గారిని దుర్మార్గుడిగా చూపితే అబద్ధం చెప్పినట్టే. ఆ చెయ్యి ఎలాంటిదో గోదావరి జిల్లాలకి బాగా తెలుసు. కాకినాడ పిఠాపురం రాజావారి కాలేజీని పోషించిన చెయ్యి అది. ఆ కాలేజీ ప్రిన్సిపాల్ రఘుపతి వేంకటరత్నం నాయుడు గారిని గురువుగా తలచి, ఆయన బాటలో బ్రహ్మసమాజానికి, దళితుల చదువుకి, అనాథ పిల్లలకి అండగా నిలిచినవాడు. ఆయన పేరు మీదే సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వచ్చింది. తెలుగు మాట ఉన్నంత కాలం ఆయన పేరుంటుంది. 1964లో కన్నుమూసేదాకా దాతగానే బతికారు.

తనకి రక్తసంబంధం లేని అనాథకి అన్నం పెట్టడానికి ఆయన్ని ఏ చట్టమూ బలవంతం చేయలేదు. సొంత అన్నకొడుకు మనోవర్తి అడిగితే మాత్రం అది కోర్టులో తేలాల్సి వచ్చింది. ఇందులో నాకు కనిపించే నీతి ఒక్కటే. పంతం ఒకసారి కోర్టు మెట్లు ఎక్కాక, మంచి మనుషులకి కూడా దిగే దారి దొరకదు. తండ్రి బతికుండగా, నోరుండగా తేల్చని మాటను పసివాడు మోశాడు. పెద్దవాడయ్యాక ఆ పసివాడే ప్రతివాది అయ్యాడు. పంచాయితీ పెట్టింది పై తరం, బోనెక్కింది కింది తరం.

కథకి చిన్న ఊరట ఉంది. 1930ల్లో మద్రాసు అవిభాజ్య ఎస్టేట్ల చట్టాన్ని సవరించి, జమీ నుంచి మనోవర్తి ఎవరెవరికి రావాలో పేరు పెట్టి రాశారు. కొడుకు, మనవడు, మునిమనవడు, కడుపున పుట్టినా దత్తు వచ్చినా సరే. భర్త పోయిన రాణులు, పెళ్లికాని కూతుళ్లు కూడా అందులోకి వచ్చారు. రామారావు ఆచారం చూపలేక పోగొట్టుకున్నదాన్ని శాసనం అక్షరాల్లో పెట్టింది. మరి కొన్నేళ్లకే, 1948 చట్టంతో జమీలే రద్దయ్యాయి. కోటలు పోయాయి. ప్రశ్న మాత్రం కోట దిగి మన వీధిలోకి వచ్చింది.

ఇప్పుడు మన ఇంట్లో

ఇవాళ ఆ ప్రశ్న వేరే రూపంలో ఎదురవుతుంది. రావులపాలెంలోనో భీమవరంలోనో భార్యాభర్తలు విడిపోయారు అనుకోండి. తండ్రి కోర్టు ఆదేశం ప్రకారం బిడ్డకి నెలనెలా భృతి పంపుతున్నాడు. అమ్మాయి ఇంటర్ పాసై ఇంజినీరింగ్‌లో చేరింది. పద్దెనిమిదో పుట్టినరోజు వచ్చింది. డబ్బు ఆగిపోయింది. చదువు నడిమధ్యలో ఉంది. ఇప్పుడేం చేయాలి?

చట్టం ఇచ్చే జవాబు ముగ్గురు బిడ్డలకి మూడు రకాలుగా ఉంటుంది.

మొదటివాడు ఆరోగ్యంగా ఉన్న కొడుకు. 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం సెక్షన్ 20 ప్రకారం బిడ్డ మైనరుగా ఉన్నంత వరకే పోషణ అడగగలడు. పద్దెనిమిది దాటిన కొడుక్కి కాలేజీ ఫీజు కట్టాలని ఆ సెక్షన్ తల్లిదండ్రులను నిలదీయదు. మన సామెతలోని ‘గడ్డాలనాడు’ అక్కడ అక్షరాలా చట్టమే.

రెండోది పెళ్లికాని కూతురు. తన సంపాదనతో, తన ఆస్తితో బతకలేని పెళ్లికాని కూతురిని పోషించే బాధ్యత పద్దెనిమిదితో తీరదు, పెళ్లి దాకా ఉంటుంది. ఆ చట్టం మనోవర్తి అన్న మాటలోనే ఆమె పెళ్లికి అయ్యే సముచితమైన ఖర్చును కూడా చేర్చింది. ఇక్కడ చాలా కుటుంబాలు ఒక చోట తడబడతాయి. మేజిస్ట్రేట్ కోర్టులో పాత సీఆర్‌పీసీ 125 కింద, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 144 కింద నడిచే దారి త్వరగా కదిలే దారి. మేజరైన కూతురికి, ఆమెకి శారీరక, మానసిక వైకల్యం లేకపోతే, ఆ దారి మూసుకుంటుంది. హర్యానా నుంచి వచ్చిన అభిలాష కేసులో 2020 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇదే తేల్చింది. ఆ దారి మూసుకున్నా హక్కు చావలేదు, సెక్షన్ 20 కింద వేరే దావా వేసుకోవచ్చని కూడా అదే తీర్పులో చెప్పింది. ఒక గుమ్మం మూసి, పక్క గుమ్మం చూపించినట్టు. ఆ పక్క గుమ్మం ఉందని తెలియక వెనక్కి తిరిగిన అమ్మాయిల కోసమే ఈ పేరా రాస్తున్నాను.

మూడో బిడ్డ వైకల్యంతో పుట్టినవాడో, ప్రమాదంలో దెబ్బతిన్నవాడో. తనను తాను పోషించుకోలేని ఆ బిడ్డకి వయసు గీత లేదు. కొడుకైనా, పెళ్లికాని కూతురైనా, మేజిస్ట్రేట్ దగ్గరికే వెళ్లవచ్చు. తల్లిదండ్రులకి ఆ బాధ్యత తీరదు. మనసున్న తల్లిదండ్రులకి ఈ మాట చట్టం చెప్పక్కర్లేదు కూడా.

దావా వేయడానికి డబ్బు లేదని ఆగనక్కర్లేదు. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం కింద ఆడవాళ్లకి, పిల్లలకి, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. జిల్లా కోర్టులున్న రాజమండ్రి, ఏలూరుల్లో అడిగితే దారి చూపిస్తారు.

ఇక పిఠాపురం ముడి. దత్తత మాట మారింది. 1956 చట్టంతో దత్తబిడ్డ అన్ని విధాలా కడుపున పుట్టిన బిడ్డతో సమానం. సక్రమంగా జరిగిన దత్తతను ఎవరూ రద్దు చేయలేరు. అదే చట్టం సెక్షన్ 13లో ఒక మాట ఉంది, నిదానంగా చదవండి: వేరే ఒప్పందం లేకపోతే, దత్తత తీసుకున్నంత మాత్రాన తల్లిదండ్రులు తమ ఆస్తిని బదిలీ చేసే, వీలునామా రాసే హక్కు పోదు. 1899లో డౌనింగ్ స్ట్రీట్‌లో వినిపించిన మాటకి ఇది దగ్గరి చుట్టం. మారిందల్లా ఇంకో వైపు: వీలునామాలో పేరు లేకపోయినా, మైనరు కొడుకు, పెళ్లికాని కూతురు వంటి ఆశ్రితులు ఆ ఆస్తి దక్కినవాళ్ల నుంచి పోషణ అడగగలరని సెక్షన్ 22 చెప్తోంది. మనవడి మాటకొస్తే, కొడుకు ముందే పోయి మనవడు మైనరుగా ఉంటేనే ఆ జాబితాలో చోటు. ఎదిగిన రామారావు ఈ రోజు వచ్చి మనోవర్తి అడిగినా ఆ జాబితాలో చోటు దొరకదు.

ఎదిగి ఆరోగ్యంగా ఉన్న కొడుక్కి మన చట్టం ఇచ్చేది ఇప్పటికీ అన్నం కాదు, వాటాయే. అదీ పిత్రార్జితంలోనే, స్వార్జితంలో కాదు. ఈ విషయంలో మన రాష్ట్రం ఒక మంచి పని ముందే చేసింది. 1985 సెప్టెంబర్ 5 నుంచి అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుహక్కు ఇచ్చింది. దేశమంతా కూతుళ్లకి ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. పిఠాపురం రోజుల్లో మనోవర్తి జాబితా చివర్లో ఉన్న కూతురు, ఇప్పుడు వాటా జాబితాలో అన్నదమ్ముల పక్కన నిలబడింది.

ఒక్క గంట

చట్టం ఒక గీత గీయక తప్పదు. ఎక్కడో ఒకచోట ఆగాలి. పద్దెనిమిది దగ్గర ఆగింది. ఆ గీత అవతల బిడ్డ ఆకలి ఆగదు, చదువు ఆగదు, జ్వరం ఆగదు. తల్లిదండ్రుల గుండె కూడా ఆగదు. ఆ ఖాళీని ఎవరు పూడ్చాలి? పిఠాపురం కోట రెండు తరాలు కోర్టుల్ని అడిగింది. ఏ కోర్టూ పూడ్చలేకపోయింది.

పూడ్చగలిగింది ఒక్క తండ్రే, బతికుండగా. పెద్దకొడుకును ఒక పక్కన, చిన్నవాడి తల్లిని ఇంకో పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరికి ఏమిస్తున్నానో, ఎందుకిస్తున్నానో, మిగిలినవాళ్లు ఎలా బతకాలో అందరూ వినేలా చెప్పి ఉంటే, ఆ పసివాడి పుట్టుక కోర్టులో చర్చకు వచ్చేదా? ఆ మనవడు మనోవర్తి కోసం సముద్రం దాటేవాడా? రాజుల ఇంట్లో ఆ మాట జరిగినా జరగకపోయినా, మన ఇంట్లో జరగడానికి అడ్డేమీ లేదు.

మీ అబ్బాయికో అమ్మాయికో పద్దెనిమిదో పుట్టినరోజు వస్తోందా? కేకు కోసి, చుట్టాలు వెళ్లిపోయాక, ఒక్క గంట ఆగండి. అరుగు మీదో, డాబా మీదో చాప వేసుకుని కూర్చోండి. చదువుకి ఎంత వరకు పెట్టగలమో చెప్పండి. పొలం ఎంతుంది, అప్పు ఎంతుంది, అక్కకి ఏమిచ్చాం, తమ్ముడికి ఏమివ్వాలి, నడవలేని చిన్నదాన్ని మన తరవాత ఎవరు చూస్తారు, అన్నీ చెప్పండి. వాళ్లు ఏమనుకుంటున్నారో వినండి. రాయాల్సింది ఉంటే రాసి, రిజిస్టరు చేయించండి. విడిపోయిన తండ్రైతే, ఆ రోజు ఫోన్ చేసి డబ్బు ఆపబోనని చెప్పండి. ఆ మాట ఏ సెక్షనూ మీతో చెప్పించలేదు. ఆ బిడ్డ మాత్రం దాన్ని జీవితమంతా గుర్తుంచుకుంటుంది.